బీఎంఎస్ ఆపేసిందంటే కారణం ఉంటుంది

సొంతంగా కట్టుకున్న లిథియం బ్యాటరీ ప్యాక్‌ల చార్జింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, నా సమాధానాలు

పోయిన సంచికలో సెల్స్ ఎలా ఎంచుకోవాలో, నికెల్ పట్టీలు ఎలా వెల్డ్ చేయాలో రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చార్జింగ్ గురించే. చదువుతుంటే రెండు మూడు చోట్ల గుండె ఝల్లుమంది. ప్యాక్ కట్టడానికి నెల రోజులు ఓపిగ్గా కూర్చున్నవాళ్లు కూడా చార్జింగ్ దగ్గరికి వచ్చేసరికి చేతికందిన చార్జర్ తగిలించేస్తున్నారు. ఇరవై ఏళ్లుగా రిపేర్ బల్ల ముందు కూర్చుంటున్నదాన్ని. నా దగ్గరికి వచ్చిన కాలిన ప్యాక్‌లలో ఎక్కువ భాగం చార్జింగ్‌లో ఉండగానో, అది అయిన కాసేపటికో కాలినవే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే. వీటిలో పదే పదే వచ్చే బీఎంఎస్ అంటే, ప్యాక్‌లోని సెల్స్ వోల్టేజీనీ కరెంట్‌నీ చూస్తూ, హద్దు దాటితే లైన్ తెంచే చిన్న సర్క్యూట్ బోర్డు.

ప్రశ్న: మేడమ్ గారూ, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన 18650 రకం గుండ్రటి లిథియం సెల్స్‌తో సైకిల్‌కి 48 వోల్టుల ప్యాక్ కట్టాను. సిరీస్‌లో 13 గ్రూపులు, గ్రూపుకి నాలుగు సెల్స్. చార్జర్ 54.6 వోల్టులది, కొత్తదే. మొదట్లో పూర్తిగా ఎక్కేది. ఈమధ్య 52.9 దగ్గరే ఆగిపోతోంది. బీఎంఎస్ పాడైందనుకుని, చార్జర్ నెగటివ్ వైరుని దాని సీ మైనస్ (చార్జర్ కలిపే చోటు) నుంచి తీసి నేరుగా బీ మైనస్‌కి (సెల్స్ వరుస నెగటివ్ కొసకి) కలిపాను. ఇప్పుడు 54 దాటుతోంది, సైకిల్ కూడా ఎక్కువ దూరం వస్తోంది. ఇలాగే వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ముందు ఆ వైరు తీసి మళ్లీ సీ మైనస్‌కి పెట్టి రండి. మిగతాది ఆ తర్వాత చదువుదురు గానీ.

మీ బీఎంఎస్ చాలావరకు బాగానే ఉంది. 52.9ని 13తో భాగిస్తే 4.07 వస్తుంది కాబట్టి ఏ గ్రూపూ ఇంకా నిండలేదని మీకు అనిపించింది. కానీ బీఎంఎస్ మొత్తాన్ని చూసి ఆగదు, ఒక్కో గ్రూపునీ విడిగా చూస్తుంది. వాటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా చార్జింగ్ ఆపేస్తుంది. మామూలు లిథియం సెల్స్‌కి ఆ హద్దు చాలా బీఎంఎస్‌లలో 4.25 నుంచి 4.28 వోల్టుల మధ్య ఉంటుంది. ఇప్పుడు ఈ లెక్క చూడండి. 12 గ్రూపులు 4.054 దగ్గర, ఒక్క గ్రూపు 4.25 దగ్గర ఉన్నాయనుకుందాం. కూడితే 52.9 వస్తుంది. మీ ప్యాక్‌లో జరుగుతున్నది ఇదేనని నా నమ్మకం. పన్నెండు గ్రూపులు ఇంకా ఆకలితో ఉన్నాయి, ఒకటి మాత్రం గొంతు దాకా నిండిపోయింది.

మీరు వైరుని బీ మైనస్‌కి మార్చడంతో చార్జింగ్‌కి ఉన్న కాపలా పోయింది. చార్జర్‌కి తెలిసింది మొత్తం 54.6 ఒక్కటే, లోపల ఏ గ్రూపు ఎక్కడుందో దానికి తెలియదు. మొత్తం 54 దాటేసరికి ఆ ఒక్క గ్రూపు 4.4 కూడా దాటి ఉండొచ్చు. అంత వోల్టేజీ దగ్గర లిథియానికి మైనస్ వైపున్న గ్రాఫైట్‌లో చోటు దొరక్క దాని పైనే లోహంగా పేరుకుంటుంది. సెల్ లోపలి ద్రవం, అంటే ఎలక్ట్రోలైట్, విరిగి గ్యాస్ పుడుతుంది. మంచి 18650 సెల్స్‌లో మూత కింద చిన్న పలక ఒకటి ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే అది పైకి లేచి ఆ సెల్‌ని లైన్‌లోంచి శాశ్వతంగా తప్పిస్తుంది. నాలుగింటిలో ఒకటి అలా తప్పుకుంటే మిగిలిన మూడూ నాలుగింటి బరువు మోయాలి. అప్పుడు ఆ గ్రూపు ఇంకా ముందే నిండుతుంది, ఇంకా ముందే ఖాళీ అవుతుంది. అసలు మీ సమస్య మొదలైందే ఇలా అయి ఉండొచ్చు కూడా.

సరే, ఇప్పుడు చేయాల్సింది కొలవడం. గ్రూపుల నుంచి బీఎంఎస్‌కి వెళ్లే బ్యాలెన్స్ కనెక్టర్‌కి 14 సన్న వైర్లు ఉంటాయి. పక్కపక్కనున్న రెండేసి వైర్ల మధ్య కొలుచుకుంటూ పోతే 13 అంకెలు వస్తాయి. మల్టీమీటర్ సూదుల చివర రెండు మిల్లీమీటర్లు వదిలి, మిగతా భాగానికి ఇన్సులేషన్ టేప్ చుట్టండి. సూది జారి రెండు పిన్నులను కలిపిందంటే ఆ సన్న వైరు క్షణంలో కాలిపోతుంది. దీనికి బద్ధకించవద్దు. అంకెలన్నీ గ్రూపు నంబరుతో సహా కాగితం మీద రాసుకోండి. బీఎంఎస్ ఆపిన వెంటనే ఒకసారి కొలవండి. సైకిల్ తొక్కి, మొత్తం 44 వోల్టులకు దిగాక గంటసేపు వదిలేసి ఇంకోసారి కొలవండి. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే జబ్బేమిటో తెలిసిపోతుంది.

పైన అందరికన్నా ముందు నిండిన గ్రూపు, కింద కూడా అందరికన్నా ఎక్కువ వోల్టేజీలోనే ఉంటే దాని సత్తువ తగ్గలేదు, కేవలం ముందుంది. కట్టేటప్పుడే అందులోని సెల్స్‌లో చార్జ్ కాస్త ఎక్కువ ఉండి ఉంటుంది. దాన్ని మిగతావాటి స్థాయికి దించితే సరిపోతుంది. ఆ ఒక్క గ్రూపు రెండు కొసల మధ్య 10 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి. సుమారు 0.4 ఆంపియర్ కారుతుంది. రెసిస్టర్ వేడెక్కుతుంది కాబట్టి సెల్స్‌కి తగలకుండా దూరంగా, ఏ పింగాణీ పలక మీదో పెట్టండి. మీ గ్రూపు 8 ఆంపియర్-అవర్లది అనుకుంటే అదనంగా ఉన్నది ఒకటింబావు దాకా ఉంటుంది. అది దిగడానికి మూడు గంటలు పడుతుంది. ప్రతి అరగంటకీ మీటర్ పెట్టి చూడండి, మిగతావాటితో సమం కాగానే తీసేయండి. మరిచిపోయి అలాగే వదిలేస్తే ఆ గ్రూపు సున్నాకి పోతుంది. అప్పుడు దాన్ని పారేయడమే.

బీఎంఎస్ దానంతట అదే సమం చేయదా అని మీరు అడగొచ్చు. చేస్తుంది. కానీ చాలా బీఎంఎస్‌లు ఒక గ్రూపు నుంచి ఒలకబోసేది 30 నుంచి 100 మిల్లీఆంపియర్లే. 50 చొప్పున లెక్కేస్తే మీ తేడాకి రోజంతా పడుతుంది. అదీ కాక గ్రూపు 4.2 దరిదాపులకు వచ్చినప్పుడే ఆ పని మొదలవుతుంది. కొద్దిపాటి తేడాలు పెరగకుండా చూడటం వరకే దాని శక్తి.

పైన ముందు నిండి, కింద కూడా ముందే ఖాళీ అవుతుంటే మాత్రం ఆ గ్రూపులో సత్తువ తగ్గింది. రెసిస్టర్‌తో లాభం లేదు. ప్యాక్‌ని బాగా దించి, ఆ గ్రూపు పట్టీలు విప్పి, నాలుగు సెల్స్‌నీ విడివిడిగా పరీక్షించాలి. ఒకదాని మీద మీటర్ ఏమీ చూపించకపోతే మూత కింద పలక లేచిన సెల్ అదే. కొన్నిసార్లు సెల్స్ నాలుగూ బాగానే ఉంటాయి, వెల్డింగ్ ఊడి ఒకటి విడిగా నిలబడి ఉంటుంది. అలాంటిది దొరికిన రోజు నాకు ఎంతో సంతోషం. ఏమైనా మీరు బీ మైనస్‌తో ఎన్నిసార్లు చార్జ్ చేశారో రాయలేదు. రెండు మూడు సార్లు దాటితే, ముందున్న ఆ గ్రూపు సెల్స్ నాలుగూ మార్చేయమనే చెబుతాను. 4.4 చూసిన సెల్ తర్వాత మామూలుగా నడుస్తున్నట్టు కనిపించినా నేను దాన్ని నా ఇంట్లో పెట్టుకోను.

ప్రశ్న: ఆంటీ, నేను కాలేజీ మొదటి సంవత్సరం. చిన్న రోబోకి రెండు 18650 సెల్స్ సిరీస్‌లో పెట్టాను. ఒక్కో సెల్‌కీ ఒక టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్ పెట్టి, రెండు మాడ్యూళ్లకీ ఒకే యూఎస్‌బీ అడాప్టర్ నుంచి కరెంట్ ఇచ్చాను. వైరు పెట్టగానే ఒక మాడ్యూల్ పొగలు కక్కింది. కనెక్షన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. మాడ్యూల్ పాతదా?

జవాబు: మాడ్యూల్ తప్పు లేదు బాబూ. నువ్వు తెలియకుండా మొదటి సెల్‌ని షార్ట్ చేశావు. బొమ్మ గీసుకుని చూడు. సిరీస్‌లో మొదటి సెల్ పాజిటివ్, రెండో సెల్ నెగటివ్ ఒకే బిందువు. రెండు మాడ్యూళ్ల నెగటివ్‌లూ అడాప్టర్ దగ్గర ఒకటే. అంటే మొదటి సెల్ నెగటివ్‌కి, రెండో సెల్ నెగటివ్‌కి మాడ్యూళ్ల మీదుగా దారి పడింది. రెండో సెల్ నెగటివ్ అంటే మొదటి సెల్ పాజిటివే కదా! ఆ సెల్ రెండు కొసలూ కలిసిపోయాయి. ఒక మంచి 18650 సెల్ షార్ట్ అయితే పదుల ఆంపియర్లు దూకుతాయి. మాడ్యూల్ ముందు కాలింది కాబట్టి సెల్ బతికింది, నీ చేతులూ బాగున్నాయి.

రెండు సెల్స్ సిరీస్‌కి సరైన దారి 8.4 వోల్టుల లిథియం చార్జర్, దానితో పాటు రెండు సెల్స్ బీఎంఎస్. సెల్స్ తీసి పెట్టుకునే హోల్డర్ ఉంటే ఇంకా తేలిక, బయటకు తీసి విడిగా చార్జ్ చేసుకో. టీపీ4056 ఒక్క సెల్‌కి, లేదా ప్యారలల్‌లో ఉన్న సెల్స్‌కి మాత్రమే.

ఆ మాడ్యూల్ గురించి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే నీ వయసువాళ్లు అందరూ దాంతోనే మొదలుపెడతారు. దాని మీద కరెంట్‌ని నిర్ణయించే చిన్న రెసిస్టర్ ఒకటి ఉంటుంది. 1.2 కిలో ఓమ్‌లు ఉంటే 1 ఆంపియర్ ఇస్తుంది, మార్కెట్లో దొరికేవి ఎక్కువ అలాగే వస్తాయి. చిన్న డ్రోన్‌లో ఉండే 500 మిల్లీఆంపియర్-అవర్ల పలచటి సెల్‌కి అది చాలా ఎక్కువ. 5 కిలో ఓమ్‌లు పెడితే 250 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. రెండోది, చార్జ్ అవుతుండగా రోబోని నడపకు. పెట్టిన కరెంట్‌లో పదో వంతుకి పడిపోతే చార్జ్ అయిపోయిందని ఆ చిప్ అనుకుంటుంది. మోటార్ కరెంట్ లాగుతుంటే ఆ పదో వంతు ఎప్పటికీ రాదు, సెల్ 4.2 మీద గంటల తరబడి ఉండిపోతుంది.

నువ్వు అడిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. చాలామంది ఇంకో మాడ్యూల్ కొని మళ్లీ అదే చేస్తారు.

ప్రశ్న: నా దగ్గర 12 వోల్టుల పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జర్ ఉంది. నేను కట్టిన 12 వోల్టుల లిథియం ప్యాక్‌కి అది పనికొస్తుందా? రెండూ 12 వోల్టులే కదా.

జవాబు: ఆ 12 అన్నది పిలుపు పేరు మాత్రమే. చార్జర్‌కి కావాల్సింది నిండినప్పటి వోల్టేజీ. మామూలు లిథియం సెల్స్ మూడు సిరీస్‌లో ఉంటే 12.6 వోల్టుల దగ్గర నిండుతాయి. లెడ్ యాసిడ్ చార్జర్ 14.4 దాకా తోస్తుంది. మూడుతో భాగించండి, సెల్‌కి 4.8. బీఎంఎస్ ఆపకపోతే ఇక మిగిలేది మంటే. బీఎంఎస్ ఆపుతుందిలే అని ధైర్యం చేయకండి. అందులో కరెంట్‌ని తెంచే స్విచ్, అంటే మాస్‌ఫెట్, పాడైతే చాలాసార్లు కరెంట్‌ని ఆపదు, అలాగే పోనిస్తూ ఉండిపోతుంది. చార్జర్ సరైన వోల్టేజీ దగ్గర తనే ఆగాలి, అది ఆగనినాడు బీఎంఎస్ పట్టుకోవాలి. రెండిట్లో ఒకదాన్ని మీరే తీసేస్తే మిగిలిన దాని మీద ఇల్లు నిలబడాలి.

మీది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే నాలుగు సెల్స్ ఉంటాయి, సెల్‌కి 3.65 చొప్పున 14.6 దగ్గర నిండుతుంది. ఇక్కడ 14.4 వోల్టులు దగ్గరగానే కనిపిస్తాయి. కానీ ఆ చార్జర్లలో కొన్ని పాత ప్లేట్లను బాగుచేయడానికి మధ్యలో 15 వోల్టులు దాటిన పల్సులు పంపుతాయి. లెడ్ యాసిడ్‌కి అది వైద్యం, దీనికి అదే విషం. నా మాట విని సెల్ రకానికీ, సిరీస్ సంఖ్యకీ సరిపోయే లిథియం చార్జర్ ఒకటి కొనండి. మామూలు లిథియం అయితే సెల్‌కి 4.2 చొప్పున, 10 సెల్స్‌కి 42, 13కి 54.6. ఫాస్ఫేట్ అయితే 3.65 చొప్పున, 16 సెల్స్‌కి 58.4.

కొన్నాక కూడా లేబుల్ నమ్మి తగిలించకండి. ప్యాక్ పెట్టకముందే చార్జర్ చివర మీటర్ పెట్టి వోల్టేజీ చూడండి, ప్లస్ మైనస్ ఎటున్నాయో చూడండి. ఒకసారి 42 వోల్టులని రాసి ఉన్న చార్జర్ నా చేతికి వచ్చింది. మీటర్ పెడితే 44.8 చూపించింది. పది సెల్స్‌కి అది దాదాపు 4.5 చొప్పున. అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు ఆ అర నిమిషం పని మానేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను. ఆనాటి నుంచి ఏ చార్జరైనా మీటర్ దాటకుండా ప్యాక్ దగ్గరికి పోదు.

ప్రశ్న: ఎన్ని ఆంపియర్ల చార్జర్ తీసుకోవాలి? త్వరగా ఎక్కాలని 8 ఆంపియర్లది చూస్తున్నాను. ప్యాక్ 10 ఆంపియర్-అవర్లు, సెల్స్ వాడినవి.

జవాబు: 2 ఆంపియర్లది చాలు. కొత్త సెల్స్‌కే చాలా కంపెనీల డేటాషీట్లు సామర్థ్యంలో సగం కరెంట్‌ని మామూలు చార్జింగ్‌గా చెబుతాయి, అంటే 10 ఆంపియర్-అవర్లకు 5. వాడిన సెల్స్‌కి నేను పావు వంతు దాటను. 2 ఆంపియర్లతో ఐదు గంటలు, చివర ఇంకో గంట. ఆ చివరి గంట ఎందుకంటే, లిథియం చార్జర్ మొదట స్థిరమైన కరెంట్ ఇస్తుంది. నిండు వోల్టేజీ చేరాక వోల్టేజీని అక్కడే పట్టుకుని కరెంట్‌ని నెమ్మదిగా తగ్గనిస్తుంది. బాగా తగ్గాక పూర్తిగా ఆపేస్తుంది. ఆపకుండా అక్కడే పట్టుకుని కూర్చునే చార్జర్ మంచిది కాదు.

కరెంట్‌తో పాటు వేడిని కూడా చూడండి. 45 డిగ్రీలు దాటిన సెల్‌ని చార్జ్ చేయకూడదు. ఎత్తు ఎక్కి వచ్చిన సైకిల్ బ్యాటరీని వెంటనే తగిలించకుండా చల్లారనివ్వండి. అలాగే సున్నా కన్నా తక్కువ చలిలో ఉన్న ప్యాక్‌ని అసలు చార్జ్ చేయకండి. లిథియం గ్రాఫైట్‌లోకి దిగలేక పైన పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ వెచ్చబడినా పోదు. లోపలికి తెచ్చి రెండు మూడు గంటలు ఉంచి, సెల్స్ మధ్య దాకా వెచ్చబడ్డాక పెట్టండి.

రోజూ పూర్తి దూరం అవసరం లేనివాళ్లు సెల్‌కి 4.1 దగ్గర ఆపితే సెల్స్ బాగా ఎక్కువ కాలం వస్తాయి. నెలకోసారి మాత్రం 4.2 దాకా ఎక్కించండి, లేకపోతే బీఎంఎస్‌కి సమం చేసే అవకాశమే రాదు.

ప్రశ్న: మేడమ్, మా ఆయన కట్టిన బ్యాటరీ రాత్రిపూట మా మంచం కింద చార్జింగ్‌లో ఉంటుంది. పిల్లలు అదే గదిలో పడుకుంటారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. "బీఎంఎస్ ఉంది, ఏమీ కాదు" అంటారు. నేను అనవసరంగా భయపడుతున్నానా?

జవాబు: లేదమ్మా. మీ భయం న్యాయమైనది. ఈ రాత్రే దాన్ని ఆ గదిలోంచి బయటపెట్టించండి.

మీ ఆయన గారికి ఈ సంగతి చదివి వినిపించండి. కొన్నేళ్ల కిందట నేను ఒక ప్యాక్ కట్టాను. కొత్తవని చెప్పి అమ్మిన సెల్స్. వోల్టేజీలు సమంగా ఉన్నాయి, బీఎంఎస్ మంచిది, చార్జర్ మీటర్ పెట్టి చూసినదే. మొదటి చార్జ్ సాయంత్రానికి పూర్తయింది. చార్జర్ తీసేశాను. గంట తర్వాత బల్ల సర్దుతూ అలవాటు కొద్దీ ప్యాక్ మీద అరచెయ్యి పెట్టాను. అంతా చల్లగా ఉంది, ఒక మూల మాత్రం గోరువెచ్చగా ఉంది. చార్జర్ లేదు, లోడ్ లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? సెల్ లోపలే కారుతోందన్నమాట. ఎత్తుకెళ్లి ఆరుబయట సిమెంటు నేల మీద పెట్టి, దూరంగా నిలబడ్డాను. ముప్పావు గంట ఏమీ కాలేదు. లోపలికి తెచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. అప్పుడు బుస్సుమని చప్పుడు, తెల్లటి పొగ, తియ్యటి ఘాటైన వాసన. ఆ వెంటనే మంట. పక్క సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి అంటుకున్నాయి. తర్వాత మిగిలినవి విప్పి చూస్తే కొత్త ప్లాస్టిక్ తొడుగు కింద పాత సెల్స్ ఉన్నాయి.

ఇందులో బీఎంఎస్ చేయగలిగింది ఏముంది? అది వోల్టేజీనీ కరెంట్‌నీ చూస్తుంది, తీగలను తెంచుతుంది. సెల్ లోపల పుట్టిన షార్ట్‌ని తెంచే తీగ దాని చేతిలో లేదు. లోపలి వేడి 130 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ప్లస్‌నీ మైనస్‌నీ వేరుచేసే పలచటి ప్లాస్టిక్ పొర కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత ప్లస్ వైపున్న కాథోడ్ నుంచి ఆక్సిజన్ కూడా వస్తుంది కాబట్టి దుప్పటి కప్పి ఆర్పే మంట కాదది.

అందుకని చార్జింగ్ ఎప్పుడూ మనుషులు మెలకువగా ఉన్న వేళ, పడకగది కాని చోట. బయటికి వెళ్లే తలుపుకీ మీకూ మధ్య ప్యాక్ ఉండకూడదు, ఇది చాలామంది ఆలోచించరు. నేల సిమెంటుదో, టైల్స్‌దో అయి ఉండాలి. చుట్టూ మీటరు దూరంలో గుడ్డ, కాగితం, నురుగు పరుపు ఏవీ వద్దు. పైన పొగ అలారం ఒకటి పెట్టండి. లెక్కవేసిన గంటలు దాటగానే కరెంట్ ఆపే టైమర్ ప్లగ్ పెడితే ఇంకో రక్ష. చార్జ్ అయిన గంట తర్వాత అరచెయ్యి పెట్టి చూడమని ఆయనకి చెప్పండి.

ఒకవేళ బుస్సుమని చప్పుడు వస్తే పిల్లలతో బయటికి నడవండి, తలుపు మూయండి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేసి లిథియం బ్యాటరీ అని చెప్పండి. దారిలో ఉంటే మెయిన్ స్విచ్ ఆపండి, దారిలో లేకపోతే వదిలేయండి. పొగలు వస్తున్న ప్యాక్‌ని చేత్తో ఎత్తుకెళ్లే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. నీళ్లు పోయకూడదని కొందరు అంటారు. లిథియం అయాన్ సెల్స్‌కి అది నిజం కాదు. సెల్స్‌ని చల్లబరిచేది ధారాళమైన నీరే, పొడి చల్లే సిలిండర్ మంటను ఆర్పినా వేడిని తీయలేదు. కానీ ఆ పని దూరం నుంచి, కరెంట్ ఆపాక, శిక్షణ ఉన్నవాళ్లు చేయాలి. ఆరిందనుకున్న ప్యాక్ గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు, లోపలికి తేవద్దు.

ఫాస్ఫేట్ సెల్స్‌తో కట్టుకుంటే ప్రమాదం తగ్గుతుందన్న మాట నిజమే, అవి ఎక్కువ వేడి తట్టుకుంటాయి. అయినా వాటినీ పడకగదిలో పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే గ్యాస్ కూడా మండుతుంది.

ప్రశ్న: పాత సెల్స్‌లో ఒకటి 1.4 వోల్టులు చూపించింది. చిన్న కరెంట్‌తో నెమ్మదిగా ఎక్కిస్తే 4.2కి వచ్చింది, నిలబడింది కూడా. ప్యాక్‌లో కలపవచ్చా?

జవాబు: కలపవద్దండీ. వోల్టేజీ అంత కిందకి పోయి అక్కడే ఉంటే, లోపలి రాగి రేకు కొద్దికొద్దిగా ఎలక్ట్రోలైట్‌లో కరుగుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని, ఏదో ఒక రోజు పొరని దాటి రెండు వైపులనూ కలుపుతుంది. పైకి మీటర్ 4.2 చూపించినంత మాత్రాన అది కనపడదు. 2 వోల్టుల కిందకి పోయి ఎంతకాలం ఉందో తెలియని సెల్‌ని నేను చార్జర్ దాకా కూడా తీసుకెళ్లను. మీరు ఎక్కించినదాన్ని ఆరుబయట చిన్న బల్బుతో మళ్లీ పూర్తిగా దించేయండి. రెండు కొసలకీ టేప్ అంటించి, మూతలేని లోహపు డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో ఉంచి, ఈ-వ్యర్థాలు సేకరించే చోట ఇచ్చేయండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి. చెత్త బండిలో అది నలిగి అంటుకుంటే ఆ బండిలో ఉండేది ఇంకొకరు.